గడియారం ఎంత తప్పిందో చూస్తే ఎందుకు తప్పిందో తెలుస్తుంది

రాత్రి ఏడున్నరకి డీటీపీ సెంటర్ కట్టేస్తూ కంప్యూటర్ షట్‌డౌన్ చేశారు. గోడ మీది స్విచ్ కూడా ఆపేశారు. పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చి ఆన్ చేస్తే స్క్రీన్ మూలన రాత్రి 7:31 అని ఉంది. తేడా 14 గంటలు. ఇంకో కుర్రాడి లాప్‌టాప్ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనక. ఇంకొకరిది వారానికి పది సెకన్లు తేడా. మరొకరికి ఏకంగా పదేళ్ల కిందటి జనవరి 1 కనిపిస్తోంది, ఏ సైటూ తెరుచుకోవడం లేదు. నలుగురి ఫిర్యాదూ ఒకటే: ‘టైమ్ తప్పు చూపిస్తోంది.’ నలుగురికీ అందే సలహా కూడా ఒకటే: ‘ఇంటర్నెట్ టైమ్‌తో సింక్ కొట్టండి.’

సింక్ కొడితే టైమ్ సరైపోతుంది, నిజమే. దాంతోపాటు ఆనవాలూ చెరిగిపోతుంది. నాలుగు రోజులకి మళ్లీ అదే గొడవ. అందుకని సింక్ కొట్టే ముందు ఫోన్ పక్కన పెట్టుకుని తేడా ఎంతో, ముందుకో వెనక్కో, కాగితం మీద రాసుకోవాలి. పైన చెప్పిన నాలుగు తేడాలకీ కారణాలు నాలుగు. విడ్డూరం ఏమిటంటే, అంకె సరిగ్గా పట్టుకుంటే చాలాసార్లు కేబినెట్ మూత తియ్యకుండానే కారణం చెప్పేయొచ్చు.

కంప్యూటర్లో ఉన్నది ఒక గడియారం కాదు. మదర్‌బోర్డు మీద రియల్ టైమ్ క్లాక్, అంటే ఆర్‌టీసీ ఒకటి ఉంటుంది. కరెంటు ఉన్నా లేకపోయినా అది నడుస్తూనే ఉండాలి. రెండోది విండోస్‌దో లైనక్స్‌దో సొంత గడియారం. బూట్ అయ్యేటప్పుడు ఇది ఒక్కసారి ఆర్‌టీసీ వైపు చూసి, అక్కణ్నుంచి తన లెక్క తాను పెట్టుకుంటుంది. మనకి స్క్రీన్ మూలన కనిపించేది ఈ రెండోదే. స్లీప్‌లోకి వెళ్తే దీని లెక్క ఆగిపోతుంది, లేచాక మళ్లీ ఆర్‌టీసీని అడిగి సర్దుకుంటుంది. కాబట్టి తప్పు ఎప్పుడు పుట్టిందన్నదే మొదటి ప్రశ్న. పూర్తిగా ఆగి ఉన్నప్పుడా, నిద్రలో ఉన్నప్పుడా, మెలకువగా పని చేస్తున్నప్పుడా?

3 వోల్టుల బిళ్ల

ఆగి ఉన్నప్పుడు ఆర్‌టీసీని బతికించేది సీఆర్2032 అనే బటన్ సెల్. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. పేరులోని అంకెలు ఆ కొలతలే. వోల్టేజి 3. సామర్థ్యం సుమారు 225 మిల్లీయాంపియర్ అవర్లు. ఆర్‌టీసీ తాగేది మైక్రోయాంపియర్లలోనే: 3 మైక్రోయాంపియర్ల చొప్పున లెక్కేస్తే 75,000 గంటలు, ఎనిమిదిన్నరేళ్లు వస్తుంది. 5 మైక్రోయాంపియర్లయితే 45,000 గంటలు, అయిదేళ్ల పైచిలుకు.

ఈ లెక్కంతా సెల్ ఒక్కటే మోస్తే. డెస్క్‌టాప్ ప్లగ్‌లో ఉండి గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ అయ్యాక కూడా ఎస్ఎంపీఎస్ 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఆర్‌టీసీ దాని మీదే నడుస్తుంది, సెల్ జోలికి రాదు. మనవాళ్లకి స్విచ్ ఆపకుండా ఇంటికెళ్తే నిద్ర పట్టదు. పిడుగుల కాలంలో అది మంచి అలవాటే, ఎవరూ మానుకోనక్కర్లేదు. కానీ రోజుకి 14 గంటలు స్విచ్ ఆపి ఉంచే షాపులో సెల్ 14 గంటలూ పని చేస్తోందని, ఎప్పుడూ ప్లగ్‌లో ఉండే ఆఫీసు కంప్యూటర్‌తో పోలిస్తే ముందుగా అయిపోతుందని తెలిసి ఉంటే చాలు.

సెల్ నీరసించే తీరు రెండు రకాలుగా బయటపడుతుంది. వోల్టేజి బాగా తగ్గినా పూర్తిగా చావకపోతే ఆర్‌టీసీ నడక ఆగిపోతుంది గాని ఆఖరి టైమ్ గుర్తుంటుంది. డీటీపీ సెంటర్లో జరిగింది అదే: షట్‌డౌన్ చేసిన చోటే ముల్లు నిలబడిపోయింది. తేడా మీరు స్విచ్ ఆపి ఉంచిన గంటలతో సరిపోయిందంటే సెల్‌ని తప్ప ఇంకెవర్నీ అనుమానించక్కర్లేదు. సెల్ పూర్తిగా పోతే జ్ఞాపకం కూడా పోయి బయోస్‌లో రాసి ఉన్న మొదటి తేదీకి వెళ్లిపోతుంది. ఏళ్ల తేడా కనిపించేది ఈ కేసులోనే. సైట్లు తెరుచుకోకపోవడం కూడా దాని పర్యవసానమే. ప్రతి సైట్ సర్టిఫికెట్‌కీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. మీ కంప్యూటర్ పదేళ్ల కిందట ఉంటే దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు.

మార్చడం కష్టమేం కాదు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, కేబినెట్ తెరిస్తే గ్రాఫిక్స్ కార్డు స్లాట్ల దగ్గర బిళ్ల మెరుస్తుంటుంది. పక్కనున్న చిన్న రేకుని గోటితో వెనక్కి నొక్కితే సెల్ ఒక వైపు లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టాలి. మల్టీమీటర్ ఉంటే పాతదాన్ని కొలవండి: కొత్తది 3 వోల్టులకి కాస్త పైనే చూపిస్తుంది, 2.7 కిందికి దిగితే దాని మీద ఆశ వదులుకోవచ్చు. అసలు జాగ్రత్త సెల్ తీసే ముందు ఉంది. బయోస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, సెల్ తీశాక సెట్టింగులు మొదటికి వచ్చేయొచ్చు. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. బయోస్ సెట్టింగులు మారాయని పసిగడితే అది తలుపు మూసేసి కీ అడుగుతుంది. వంద రూపాయలు కూడా ఖరీదు చెయ్యని సెల్ కోసం డిస్క్‌లోని డేటా పోగొట్టుకోవడం దారుణం.

ఇప్పుడొచ్చే లాప్‌టాప్‌లు చాలావాటిలో ఈ బిళ్లే ఉండదు, ఆర్‌టీసీ కూడా పెద్ద బ్యాటరీ మీదే నడుస్తుంది. ఆర్నెల్లు బీరువాలో పెట్టి తీసిన లాప్‌టాప్ పాత తేదీ చూపిస్తే కంగారు పడక్కర్లేదు. ఛార్జింగ్ పెట్టి, తేదీ దిద్దితే సరిపోతుంది.

వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల టైమ్ తప్పుతోందని చెప్పే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. కరెంటుని బట్టి టైమ్ తప్పే గడియారాలు వేరే ఉన్నాయి. గోడ ప్లగ్‌లోని కరెంటు సెకనుకి 50 సార్లు ఊగడాన్నే లెక్కపెట్టుకుని నడిచేవి అవి. 2018 మొదట్లో సెర్బియా, కొసోవో గొడవ వల్ల యూరప్ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ స్వల్పంగా పడిపోతే, జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం లోపు అక్కడి వంటింటి ఓవెన్ల గడియారాలు దాదాపు 6 నిమిషాలు వెనకబడ్డాయి. కంప్యూటర్ మాత్రం గ్రిడ్‌ని నమ్ముకోదు, దానికి సొంత స్ఫటికం ఉంది.

32,768 ఎందుకు?

ఆ స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. రెండుని పదిహేను సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య ఇది. పదిహేను సార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా 1 మిగులుతుంది, అదే సెకను. చేతి గడియారంలో ఉన్నదీ ఇదే.

మామూలు స్ఫటికం పది లక్షలకి 20 వంతులు అటూ ఇటూ ఉంటుందని తయారీదారులే రాస్తారు. రోజుకి 86,400 సెకన్లు కాబట్టి ఆ 20 వంతులంటే రోజుకి 1.7 సెకన్లు, నెలకి 52 సెకన్లు. పైన చెప్పిన ‘వారానికి పది సెకన్లు’ ఈ హద్దు లోపలే ఉంది. అది రోగం కాదు, స్ఫటికం స్వభావం. దానికి వేడి తోడవుతుంది. ఈ స్ఫటికాలు 25 డిగ్రీల దగ్గర నడిచినట్టు ఇంకెక్కడా నడవవు, అటు చలికీ ఇటు ఎండకీ కూడా నెమ్మదిస్తాయి. నెమ్మదించేది కూడా తేడా వర్గం చొప్పున: ఒక్కో డిగ్రీ వర్గానికి పది లక్షలకి 0.034 వంతులు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మూసిన గదిలో, కేబినెట్ లోపల 45 డిగ్రీలుంటే తేడా 20, దాని వర్గం 400, గుణిస్తే 13.6 వంతులు. రోజుకి ఇంకో 1.2 సెకన్లు వెనక్కి. ఎండాకాలం గడియారం స్లో అవుతోందని ఎవరైనా అంటే నవ్వకండి.

సరిగ్గా అయిదున్నర

తేడా నిమిషం కూడా అటూ ఇటూ కాకుండా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలైతే యంత్రంలో ఏ లోపమూ లేదు. మన టైమ్ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది టైమ్. ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర, మన వైపు కాకినాడకి దగ్గర్లో వెళ్లే గీత అది. ప్రపంచ ప్రామాణిక సమయానికి 19,800 సెకన్లు ముందు. విండోస్ ఆర్‌టీసీలో మన టైమే రాస్తుంది. లైనక్స్ ప్రపంచ సమయం రాస్తుంది. రెండూ ఒకే మెషీన్లో పెట్టుకుని, లైనక్స్ వాడి విండోస్‌లోకి వస్తే అయిదున్నర వెనక, విండోస్ వాడి లైనక్స్‌లోకి వెళ్తే అయిదున్నర ముందు. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లకి ఇదే తేడా 6 గంటలు, వేసవిలో 5, దిశ తలకిందులు. విండోస్ రిజిస్ట్రీలో ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అనే విలువ 1 చేస్తే పోతుంది, లేదా లైనక్స్‌నే స్థానిక టైమ్ రాయమని చెప్పొచ్చు. నా ఓటు మొదటిదానికి. ప్రపంచ సమయం రాసుకున్న గడియారాన్ని ఏ దేశానికి తీసుకెళ్లినా కదపక్కర్లేదు.

అరగంట ముందుంటే టైమ్ జోన్ ఢాకాకి సెట్ అయి ఉంటుంది, అరగంట వెనకుంటే కరాచీకి. అమెరికా నుంచి ఎవరో తెచ్చిచ్చిన లాప్‌టాప్ పన్నెండున్నర లేదా పదమూడున్నర గంటలు వెనకుంటే అది ఇంకా కాలిఫోర్నియాలోనే ఉన్నాననుకుంటోంది.

మెలకువలో తప్పే గడియారం

అసలు చిక్కు ఇక్కడ. సెల్ బాగుంది, జోన్ బాగుంది, కంప్యూటర్ ఆపకుండా నడుస్తూనే ఉంది, అయినా గంటకి నిమిషాల చొప్పున వెనకబడుతోంది. ఇంత పెద్ద తేడా స్ఫటికం వల్ల రాదు. కరెంటు ఆదా చేసే ఏర్పాట్లే చాలాసార్లు దీని వెనక ఉంటాయి. ఎలాగో తెలియాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ టైమ్ ఎలా లెక్కపెడుతుందో చూడాలి.

1981 నాటి ఐబీఎం పీసీలో ఒక టైమర్ చిప్ సెకనుకి 18.2 సార్లు ప్రాసెసర్‌ని తట్టేది. ఒక్కో తట్టుకి 54.9 మిల్లీసెకన్లు, రోజుకి 15,73,040 తట్లు. ఆపరేటింగ్ సిస్టమ్ పని వాటిని లెక్కపెట్టడమే. తర్వాత ఈ వేగం పెరిగింది: విండోస్‌లో సాధారణంగా సెకనుకి 64, అంటే 15.6 మిల్లీసెకన్లకి ఒకటి. లైనక్స్‌లో 100, తర్వాత 1000, 2005 నుంచి 250. ఒక్క తట్టు లెక్క తప్పితే ఆ మేరకు టైమ్ వెనకబడినట్టే. వెయ్యిలో ఒకటి తప్పినా రోజుకి 86.4 సెకన్లు, దాదాపు నిమిషంన్నర.

ఎందుకు తప్పుతుంది? 1992లో లాప్‌టాప్‌ల కోసం ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే పద్ధతి తెచ్చాయి. అందులో కరెంటు పొదుపు పెత్తనం బయోస్‌ది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పకుండానే ప్రాసెసర్‌ని కాసేపు తన గుప్పిట్లోకి తీసుకునేది, ఆ కాసేపట్లో వచ్చిన తట్లు ఎవరి లెక్కలోకీ రావు. 1996 చివర్లో వచ్చిన ఏసీపీఐ ఆ పెత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పజెప్పింది. దాంతోపాటు పవర్ మేనేజ్‌మెంట్ టైమర్ అని సెకనుకి 35,79,545 సార్లు తిరిగే కౌంటర్‌ని కూడా పెట్టింది. ఆ వింత సంఖ్య అమెరికా కలర్ టీవీ సిగ్నల్ నుంచి వచ్చింది. టీవీ పరిశ్రమ పుణ్యాన ఆ రకం స్ఫటికాలు చవగ్గా దొరికేవి. ఇది 24 బిట్ల కౌంటర్ అయితే 4.69 సెకన్లకొకసారి నిండి మళ్లీ సున్నా అవుతుంది. తిరిగి చూడటం అంతకంటే ఆలస్యమైతే లెక్క పోయినట్టే.

ఇంతలో ఇంకా వేగవంతమైన ఉపాయం దొరికింది. 1993లో పెంటియమ్‌తో వచ్చిన టైమ్ స్టాంప్ కౌంటర్, టీఎస్‌సీ. ప్రాసెసర్ ఒక్కో సైకిల్‌కి ఒకటి చొప్పున పెరుగుతూ పోతుంది. చదవడానికి పదుల నానోసెకన్లు చాలు. 200 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్లో అది 20 కోట్లు పెరిగితే సెకను అయినట్టు. ప్రోగ్రామర్లు దాన్ని ఎగబడి వాడుకున్నారు. ప్రాసెసర్ వేగం మారదన్న నమ్మకం మీద కట్టిన మేడ అది.

2000లో ఇంటెల్ స్పీడ్‌స్టెప్, ఆ తర్వాత ఏఎండీ కూల్ ఎన్ క్వైట్ వచ్చి ఆ నమ్మకాన్ని కూల్చేశాయి. పని లేనప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించి కరెంటు మిగిల్చడం వాటి పని. 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు 1 గిగాహెర్ట్జ్‌కి దిగితే, 200 కోట్లని సెకనుగా లెక్కేసుకునే ప్రోగ్రామ్‌కి నిజమైన రెండు సెకన్లు ఒక్క సెకనులా కనిపిస్తాయి. నాడి కొట్టుకోవడాన్ని లెక్కపెట్టి గంట ఎంతైందో చెప్పినట్టు. మనిషి పడుకుంటే గంట సాగుతుంది, పరుగెడితే కుదించుకుపోతుంది.

2005లో ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2తో గొడవ రెట్టింపైంది. అందులో రెండు కోర్లు, ఒక్కో కోర్‌కి ఒక టీఎస్‌సీ, ఒక్కోటి ఒక్కో సమయంలో నిద్రపోతుంది. కొన్నాళ్లకి రెండు కౌంటర్లూ ఎడమొహం పెడమొహం. విండోస్ ఎక్స్‌పీలో పింగ్ కొడితే సమాధానం మైనస్ మిల్లీసెకన్లలో వచ్చేది: ప్రశ్న ఒక కోర్‌లో బయల్దేరింది, జవాబు వెనకబడిన కోర్‌లో అందింది, తీసివేస్తే రుణ సంఖ్య. గేముల్లో బొమ్మలు ఉన్నట్టుండి పరుగు తీసేవి, ఉన్నట్టుండి గంతేసేవి. ఏఎండీ డ్యుయల్ కోర్ ఆప్టిమైజర్ అనే ప్యాచ్ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ బూట్.ఐఎన్ఐ ఫైల్లో ‘యూజ్‌పీఎంటైమర్’ అని ఒక మాట చేర్చుకోమంది, అంటే టీఎస్‌సీని వదిలి ఆ పాత 35 లక్షల కౌంటర్‌కి వెళ్లమని. పవర్ ఆప్షన్స్‌లో ‘హై పెర్ఫార్మెన్స్’ పెట్టండి, వేగం మారకుండా కట్టేయండి అన్న చిట్కా ఆ కాలానిది. అప్పట్లో అది నిజంగా పని చేసింది.

ఇప్పటికీ అదే చిట్కా చెప్పడం మాత్రం దండగ. 2008 నుంచి ఇంటెల్ కొత్త ప్రాసెసర్లలో, దాదాపు అదే కాలంలో ఏఎండీవాటిలో కూడా, టీఎస్‌సీని ప్రాసెసర్ వేగం నుంచి విడదీశారు. వేగం ఎంత మారినా అది ఒకే లెక్కన నడుస్తుంది, లోతైన నిద్రలోనూ ఆగదు. లైనక్స్‌లో ప్రాసెసర్ వివరాల ఫైల్ తెరిచి ‘కాన్‌స్టంట్_టీఎస్‌సీ’, ‘నాన్‌స్టాప్_టీఎస్‌సీ’ అనే రెండు మాటలు వెతకండి. మొదటిది ఉంటే వేగం మారినా భయం లేదు, రెండోది ఉంటే నిద్రపోయినా భయం లేదు. రెండూ ఉన్న మెషీన్లో టైమ్ కోసమని పవర్ ప్లాన్ మార్చడం వల్ల పెరిగేది కరెంటు బిల్లే. గేమర్ల వీడియోల్లో కనిపించే ‘యూజ్‌ప్లాట్‌ఫామ్‌క్లాక్’ చిట్కా అంతకన్నా చేటు. అది పదుల నానోసెకన్లలో చదవగలిగే టీఎస్‌సీని పక్కనబెట్టి, ఒక్కో చదువుకి మైక్రోసెకను దాకా తీసుకునే బయటి టైమర్‌కి విండోస్‌ని మళ్లిస్తుంది. మీ మెషీన్లో ఎవరైనా అది పెట్టి ఉంటే తీసేయండి.

అంతమాత్రాన కొత్త మెషీన్లకి ఏ బాధా లేదని కాదు. హెచ్‌పెట్ అనే ఇంకో టైమర్ ఉంది. టీఎస్‌సీ సరిగా నడుస్తోందా లేదా అని లైనక్స్ అరసెకనుకొకసారి సరిచూసుకునేటప్పుడు దాన్నే సాక్షిగా పెట్టుకునేది. కాఫీ లేక్ తరం ఇంటెల్ చిప్‌లలో పీసీ10 అనే గాఢనిద్రలోకి వెళ్లగానే హెచ్‌పెట్ ఆగిపోతోందని 2019లో తేలింది. లేచాక రెంటినీ పోలిస్తే తేడా. సాక్షి మీద నమ్మకంతో లైనక్స్ ‘టీఎస్‌సీ అన్‌స్టేబుల్’ అని లాగ్‌లో రాసి, సరిగా నడుస్తున్న టీఎస్‌సీని తీసేసి, నిద్రపోయిన హెచ్‌పెట్‌కే పట్టం కట్టేది. ఆ మోడళ్లలో హెచ్‌పెట్‌ని వాడకుండా కెర్నెల్‌నే సవరించారు. మీ లాగ్‌లో ఆ వాక్యం కనిపిస్తే ముందు కెర్నెల్, బయోస్ అప్‌డేట్ చేసి చూడండి, సెట్టింగులు కెలకడం ఆ తర్వాత.

ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లకి ఇంకో గుంట ఉంది. మెషీన్ నడుస్తుండగా బేస్ క్లాక్ మారిస్తే దాని మీద ఆధారపడ్డ టైమ్ కూడా కదులుతుంది. విండోస్ 8లో అలా 6 శాతం తగ్గించిన మెషీన్లో 5 నిమిషాలకి 18 సెకన్లు మాయమయ్యేవి. గడియారం నెమ్మదిస్తే పరీక్ష తొందరగా అయిపోయినట్టు కనిపిస్తుంది కదా! 2013 ఆగస్టులో వేగం రికార్డులు నమోదు చేసే హెచ్‌డబ్ల్యూబాట్ విండోస్ 8 ఫలితాలని తీసుకోనంది.

కరెంటు పొదుపు వల్ల టైమ్ తప్పడం చూశాం. టైమ్ తప్పి కరెంటు పెరిగిన రోజు కూడా ఒకటుంది. 2012 జూన్ 30 అర్ధరాత్రి ప్రపంచ సమయానికి ఒక లీప్ సెకను కలిపారు. మనకి అప్పుడు జులై 1 ఆదివారం పొద్దున 5:30. లైనక్స్ లోపలి రెండు లెక్కల మధ్య ఆ ఒక్క సెకను తేడా పడి, కాసేపు ఆగమన్న ప్రోగ్రాములన్నీ ఆగకుండా గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. హెట్జ్‌నర్ అనే జర్మన్ సంస్థ డేటా సెంటర్లో వాడకం దాదాపు 1 మెగావాట్ పెరిగింది. మందు ఏమిటంటే తేదీని ఉన్న తేదీకే మళ్లీ సెట్ చెయ్యడం.

మూత వేసి తీస్తే

లాప్‌టాప్ మూత వేసి తీసినప్పుడే తేడా వస్తుంటే అనుమానం నిద్ర మీదికి పోవాలి. ఆర్‌టీసీ చాలా మెషీన్లలో పూర్తి సెకన్లలోనే జవాబు చెప్తుంది కాబట్టి ఒక్కో నిద్రకి సెకనులోపు తేడా సహజం. నిద్రపోయినన్ని గంటలూ వెనకబడితే మాత్రం లేచాక ఆర్‌టీసీని అడగడమే జరగలేదన్నమాట, లేదా ఆర్‌టీసీయే తప్పు చెప్పింది. చిప్‌సెట్ డ్రైవర్లు, బయోస్ అప్‌డేట్ చేస్తే చాలావరకు పోతుంది. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ కూడా సగం హైబర్నేటే, దాన్ని ఫాస్ట్ స్టార్టప్ అంటారు. ‘షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే తప్పు, రీస్టార్ట్ చేస్తే కరెక్టు’ అని ఎవరైనా చెబితే ముందు దాన్నే ఆపి చూడాలి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లలో ఇది ఇంకో వేషంలో కనిపిస్తుంది. విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్2 ద్వారా లైనక్స్ నడుస్తుంటుంది. సాయంత్రం మూత వేస్తారు, పొద్దున తీస్తారు. విండోస్ టైమ్ సరిగానే ఉంటుంది, లోపలి లైనక్స్ ఇంకా నిన్నటి సాయంత్రంలోనే ఉంటుంది. ప్యాకేజీలు అప్‌డేట్ చెయ్యబోతే ‘ఈ ఫైల్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అంటుంది. అమెజాన్ ఎస్3కి అభ్యర్థన పంపితే 15 నిమిషాల పైన తేడా ఉందని తిప్పికొడుతుంది. పాస్‌వర్డు తప్పేమో అని గంటలు వృథా చేసేవాళ్లున్నారు. పాత వెర్షన్లలో ఇది మరీ ఎక్కువ. హార్డ్‌వేర్ క్లాక్ నుంచి టైమ్ తెచ్చుకునే ఒక్క కమాండ్ కొడితే చాలు, లేదా డబ్ల్యూఎస్ఎల్‌ని పూర్తిగా ఆపి తెరవాలి.

పదిహేను గంటల గీత

మరి ఇంటర్నెట్ సింక్ ఇవన్నీ వాటంతటవే దిద్దదా? దిద్దుతుంది, కొన్ని హద్దుల్లో. సొంత కంప్యూటర్లలో విండోస్ చాలాకాలం 6,04,800 సెకన్లకొకసారి, అంటే వారానికొకసారే సర్వర్‌ని అడిగేది. అడిగాక తేడా 54,000 సెకన్లు, అంటే 15 గంటలు దాటి ఉంటే దిద్దడానికి ఒప్పుకోదు. సర్వరే తప్పు చెబుతోందేమోనని దాని అనుమానం. రాత్రంతా స్విచ్ ఆపిన డీటీపీ సెంటర్ 14 గంటల తేడాతో గీతకి ఇవతలే ఉంది, సింక్ అవుతుంది. అదే ఆదివారం సెలవు తర్వాత సోమవారం పొద్దున తేడా 38 గంటలు. సింక్ ఎన్నిసార్లు నొక్కినా ఎర్రర్ తప్ప ఏమీ రాదు. ముందు తేదీ, టైమ్ చేత్తో దగ్గరికి తెచ్చి, ఆ తర్వాత సింక్ నొక్కాలి. లైనక్స్‌లో టైమ్ సింక్ చేసే పాత ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీ ఇంకా కఠినం: తేడా 1000 సెకన్లు దాటితే పని మానేసి బయటికి పోతుంది.

ఏ కారణమో ఇంకా తేలకపోతే మూడు రాత్రులు పడుతుంది. ఆటోమేటిక్ సింక్ ఆపేయండి. మొదటి రాత్రి స్లీప్‌ని ‘నెవర్’ పెట్టి మెషీన్ నడుస్తూనే ఉంచండి. రెండో రాత్రి స్లీప్‌లో ఉంచండి. మూడో రాత్రి షట్‌డౌన్ చేసి ప్లగ్ పీకండి. పొద్దున్నే ఒకే ఫోన్‌తో పోల్చి తేడా రాయండి. మొదటి రాత్రి నిమిషాలు పోతే టీఎస్‌సీ, బయోస్, ఓవర్‌క్లాకింగ్ వైపు వెళ్లండి. రెండో రాత్రి మాత్రమే పోతే డ్రైవర్లు. మూడో రాత్రి మాత్రమే పోతే సెల్. మూడు రాత్రులూ రెండు మూడు సెకన్ల లోపే తేడా ఉంటే సింక్ మళ్లీ ఆన్ చేసి ఊరుకోండి.

సింక్ ఏ సర్వర్‌తో అన్నది మీ ఇష్టం. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ సర్వర్ ముందే రాసి ఉంటుంది. మన దేశపు టైమ్‌ని సీసియం గడియారాలతో నిలబెట్టేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ, దానికీ ప్రజలకి తెరిచిన సర్వర్ ఉంది. సంస్థలు తమ కంప్యూటర్లన్నిటినీ ఆ లేబొరేటరీ సర్వర్‌తోనో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్వర్‌తోనో, వాటిని ఆధారం చేసుకున్న వేరే సర్వర్‌తోనో సరిచూసుకోవాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఉత్తర్వు ఇచ్చింది. ఇళ్లలో వాడే సొంత కంప్యూటర్లకి ఆ నిర్బంధం లేదు గాని, కంట్రోల్ ప్యానెల్ తేదీ పేజీలో ఇంటర్నెట్ టైమ్ తెరిచి సర్వర్ పేరు మార్చడానికి అరనిమిషం చాలు.